షెల్టర్ ఇవ్వని పార్కులో బంతిభోజనం

వాషింగ్టన్ పక్కన మా హెర్న్‌డన్‌లో తెలుగువాళ్లను నాలుగు రోజుల సెలవుకి ఎక్కడికెళ్లారని అడిగితే జవాబులు మూడే: నయాగరా, ఓర్లాండో, పిట్స్‌బర్గ్ గుడి. మేం క్రైస్తవులం కాబట్టి మాకు రెండే. ఈ జూన్‌లో నేనూ మా ఆవిడ సుగుణా ఆ రెండూ మానేసి, వర్జీనియా నైరుతి మూలన కొండల మధ్య ఉన్న ఒక చిన్న కౌంటీకి వెళ్లొచ్చాం. ఊరి పేరు చెప్పను. ఒకే ఒక్క సిగ్నల్ లైటు ఉన్న ఊరు, పేరు చెబితే అందరూ అందరినీ గుర్తుపడతారు. స్వలింగ జంటలూ, ట్రాన్స్ మనుషులూ, వాళ్ల స్నేహితులూ కలిసి అక్కడ జరుపుకునే ప్రైడ్ పిక్నిక్ చూద్దామని వెళ్లి, వండి వడ్డించి వచ్చాం.

వెళ్లడానికి కారణం స్వప్న, సుగుణ వాళ్ల అక్క కూతురు. గుంటూరులో ఎంబీబీఎస్ చదివి, ఇక్కడ రెసిడెన్సీ చేసి, వీసా షరతు ప్రకారం డాక్టర్లు దొరకని పల్లెలో మూడేళ్లు పనిచెయ్యడానికి ఆ కొండల్లోకి వెళ్లింది. అక్కడే పుట్టి పెరిగి, గుర్రాలకు నాడాలు కొట్టే పని చేసే ట్రేసీ అనే అమ్మాయిని ప్రేమించి, కోర్టులో పెళ్లి చేసుకుంది. ఆ పెళ్లి ఫోటోని మా ఫ్రిజ్ మీద నేనే అంటించాను. సుగుణ దాన్ని తియ్యలేదు గానీ, చర్చివాళ్లు భోజనానికి వస్తే మాత్రం దాని మీద క్యాలెండర్ తగిలించేది. ట్రేసీ మాట వస్తే "స్వప్న ఫ్రెండ్" అనేది.

ఈ వేసవితో స్వప్న మూడేళ్లూ పూర్తవుతున్నాయి. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఒక పెద్ద ఆస్పత్రి రమ్మంటోంది. ట్రేసీకి మాత్రం పుట్టినచోటు వదలాలని లేదు. అంతలో పిక్నిక్ గొడవ వచ్చిపడింది. ఆ పిక్నిక్ మొదలుపెట్టింది ట్రేసీయే. కౌంటీ పార్కులో గోడల్లేకుండా పైన రేకుల కప్పు, కింద బల్లలు ఉండే షెల్టర్ ఒకటుంది. గత రెండేళ్లూ దాన్ని వీళ్లకు ఇచ్చారు. ఈ ఏడాది ఎవరో అభ్యంతరం పెట్టడంతో విషయం కౌంటీ బోర్డు ముందుకు వెళ్లింది.

"మన ఊరే మనకి నీడ ఇవ్వనంటే ఇంకెందుకు, ఫ్రిస్కో వెళ్లిపోదాం అంటోంది ట్రేసీ, బాబాయ్" అని స్వప్న ఫోన్ చేసింది. "తనెప్పుడూ అలా మాట్లాడలేదు. గురువారం బోర్డు మీటింగ్. ఎవరైనా మాట్లాడొచ్చు. మీరు మంచి స్పీకర్ కదా, వచ్చి నాలుగు మాటలు చెప్పండి."

పదిహేనేళ్లుగా తెలుగు సంఘం సభలు నడిపించినవాణ్ని, మైకు ఆశ చూపిస్తే ఆగుతానా? ఆ రోజే లీవ్ అప్లై చేశాను. సుగుణ కూడా వస్తానంది. "మీరు మాట్లాడుకోండి. నేను దాన్ని ఫ్రిస్కో వెళ్లమని చెప్పి వస్తాను. అక్కడైతే నలుగురు తెలుగువాళ్లుంటారు" అంది.

వేలెత్తి చూపే రోడ్డు

ఎనభై ఒకటో నంబరు హైవే దిగి కొండదారి పట్టాక నాకొక అనుమానం పట్టుకుంది. ఎదురొచ్చే ప్రతి ట్రక్కువాడూ స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తుతున్నాడు. హెర్న్‌డన్ రోడ్ల మీద వేలెత్తారంటే అది బూతుతిట్టని చంటిపిల్లలకి కూడా తెలుసు. నేనేం తప్పు చేశాను? డిక్కీ తెరుచుకుందా, టైరులో గాలి పోయిందా? కారు పక్కకి తీసి, దిగి, నాలుగు చక్రాలూ తట్టి చూశాను. మావాళ్లెవరైనా చూస్తే నవ్విపోతారు.

ట్రాక్టరు మీద వెళుతున్న ఒక పెద్దాయన ఆగి, సాయం కావాలా అని అడిగాడు. ఎందుకండీ అందరూ వేలు చూపిస్తున్నారు అని అడిగేశాను. ఆయన టోపీ తీసి మరీ నవ్వాడు. "హలో అంటున్నారయ్యా. చూపుడు వేలే కదా?" అన్నాడు. అవును, చూపుడు వేలే. నేనే కంగారులో సరిగ్గా చూసుకోలేదు.

అక్కణ్నుంచి నేను ఎవర్నీ వదల్లేదు. ట్రక్కులకీ, ట్రాక్టర్లకీ, పోస్టు బండికీ వేలెత్తుతూనే ఉన్నాను. మన పల్లెల్లో అయితే "ఎక్కడిదాకా?" అని ఆపి అడుగుతారు, వీళ్లు వేలితో సరిపెడతారు. "ఏవండీ, ఆ మిగిలిన వేళ్లతోనైనా స్టీరింగ్ పట్టుకోండి" అంది సుగుణ.

చిక్కుడు గింజలు, పచ్చి ఉల్లిపాయ

ఊళ్లో ఉన్నది ఒకే హోటలు. వడ్డించే ఆవిడ వయసులో నాకంటే చిన్నదే అయినా నన్ను "హనీ" అని పిలిచింది. సుగుణ నా వంక చూసింది. తర్వాత సుగుణనీ "హనీ" అనేసరికి ఇద్దరం కుదుటపడ్డాం. గోధుమరంగు చిక్కుడు గింజలు మెత్తగా ఉడకబెట్టిన పులుసు, మొక్కజొన్న రొట్టె, పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్క. వాళ్ల ముత్తాతల నాటి భోజనమట. జొన్నరొట్టె, ఉల్లిపాయ తిన్న నాలుకకి అది పరాయి తిండి అనిపించలేదు. కారం తక్కువైందని అడిగితే క్యాబేజీ, పచ్చి టమాటాలతో పెట్టిన ఊరగాయ ఒకటి తెచ్చింది. అది మాత్రం తియ్యగా ఉండి మమ్మల్ని మోసం చేసింది.

బిల్లు ఇద్దరికీ కలిపి పదమూడు డాలర్లు. మా దగ్గర ఒక మసాలా దోసె, కాఫీ ఆ ధరకి రావు. డబ్బులిస్తూ, మేం డాక్టర్ స్వప్న బంధువులం అన్నాను. ఆవిడ చిల్లర లెక్కపెట్టడం ఆపేసింది. "మా నాన్న దగ్గుని ఆస్త్మా అనుకుని ఏళ్లు గడిపేశాం. అది గుండె జబ్బని కనిపెట్టింది మీ అమ్మాయే" అంది. గొంతు తగ్గించి, "వెళ్లిపోతోందట కదా?" అని అడిగింది. ఏమో, రేపు తేలుతుంది అన్నాను.

మూడు నిమిషాలు

బోర్డు మీటింగ్ కోర్టు భవనంలో. ఎత్తు బల్ల వెనక అయిదుగురు సభ్యులు, ఎదురుగా చెక్క కుర్చీల్లో ఊరు ఊరంతా. మీటింగ్‌ని కౌంటీవాళ్లు ఇంటర్నెట్‌లో లైవ్ ఇస్తారని స్వప్న చెప్పగానే సుగుణ చున్నీ సర్దుకుని వెనక వరసలోకి జరిగింది. మా చర్చి వాట్సాప్ గ్రూపుకి అందని వీడియో అంటూ ఈ దేశంలో లేదు.

మాట్లాడేవాళ్లకి మనిషికి మూడు నిమిషాలు. ముందు ఒక పాస్టర్ లేచి, తనకెవరి మీదా ద్వేషం లేదని, కానీ పన్నులతో కట్టిన షెల్టర్‌ని ఇలాంటివాటికి ఇవ్వకూడదని చెప్పాడు. కొందరు చప్పట్లు కొట్టారు. తర్వాత మేకలు పెంచే వాల్టర్ అనే ముసలాయన నిలబడ్డాడు. "నేనూ నా భర్తా ఇక్కడ ముప్పై ఏళ్లుగా కలిసి బతుకుతున్నాం. మా అమ్మ పుట్టినరోజు ఆ షెల్టర్‌లోనే చేశాం. అప్పుడెవరూ వద్దనలేదు. అందరికీ ఉన్న రూలే మాకూ పెట్టమంటున్నాం" అన్నాడు. ట్రేసీ ఇంకా తక్కువ మాట్లాడింది. "మీ అయిదుగురిలో ముగ్గురి గుర్రాలకు నాడాలు నేనే కొడుతున్నాను. నేను మీకు కొత్తదాన్ని కాదు" అని కూర్చుంది.

నా వంతు వచ్చింది. కోటు గుండీ పెట్టుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. సభాధ్యక్షురాలికి నమస్కారం అన్నాను. వేదికనలంకరించిన సభ్యులను పేరుపేరునా పలకరించాను. పేర్లు ముందే బట్టీ పట్టాను మరి. సభకు విచ్చేసిన పెద్దలకు, సోదరీసోదరులకు వందనాలు చెప్పాను. ఇంత చక్కటి కొండదారి వేసినందుకు కౌంటీని అభినందించాను. నాకు ఈ అవకాశం కల్పించినందుకు కృతజ్ఞతలు చెప్పి, నా మాటల్లో తప్పులుంటే మన్నించమని కోరి, "ఇక అసలు విషయానికొస్తే" అన్నాను. బల్ల మీద ఎర్రలైటు వెలిగింది. అంతకుముందు పసుపు లైటు వెలిగితే మైకుకి సంబంధించిందేమో అనుకున్నాను.

"టైమ్ అయిపోయింది సర్" అంది క్లర్క్.

"నేనింకా మొదలుపెట్టలేదండీ" అన్నాను.

హాలంతా ఘొల్లుమంది. పాస్టర్ కూడా నవ్వాడు. మా సభల్లో అయితే ఆ పాటికి ముఖ్య అతిథికి శాలువా కూడా కప్పి ఉండరు. తల కొట్టేసినట్టయింది. వచ్చి కూర్చుంటే స్వప్న మొహం చూడలేకపోయాను.

మాట్లాడేవాళ్ల వరసలో నా పేరుతో పాటు సుగుణ పేరు కూడా ఇచ్చాను, తన మూడు నిమిషాలు కూడా నేనే వాడుకోవచ్చన్న దురాశతో. అది కుదరదట. క్లర్క్ ఆవిడ పేరు తంటాలు పడి పలికింది. మాట్లాడను అని చెప్పేస్తుందనుకున్నాను. లేచి ముందుకు నడిచింది. కెమెరా ఎదురుగానే నిలబడింది.

"డాక్టర్ స్వప్న మా అక్క కూతురు. మీకు జ్వరమొస్తే చూసేది తనే. తనూ, తన భార్య ట్రేసీ, వాళ్ల స్నేహితులూ శనివారం కలిసి అన్నం తినాలనుకుంటున్నారు. ఎండకి ఒక కప్పు అడుగుతున్నారు. ఇవ్వండి" అంది ఇంగ్లీషులో. వెనక్కొచ్చి నా పక్కన కూర్చుంది. లైటు ఇంకా ఆకుపచ్చగానే ఉంది.

భార్య అన్న మాట సుగుణ నోట వినడం అదే మొదలు. ట్రేసీ తల వంచుకుని మోకాళ్ల వంక చూస్తూ ఉండిపోయింది.

అయినా ఓడిపోయాం. ఇద్దరు ఇద్దామన్నారు, ముగ్గురు వద్దన్నారు. వద్దన్నవాళ్లలో పశువుల దాణా కొట్టు నడిపే ఆయన, "డాక్టరమ్మ మీద నాకేమీ లేదు. కౌంటీ ఏ పక్షమూ తీసుకున్నట్టు ఉండకూడదు, అంతే" అన్నాడు. ఆ మాట ఆయన ట్రేసీ వైపు చూడకుండా చెప్పాడు.

బయట వరండాలో పాస్టర్ నా దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు. "మీరు హిందువులా?" అని అడిగాడు. లూథరన్లం, మా ముత్తాతకి బాప్తిస్మం ఇచ్చింది మీ దేశపు మిషనరీయే అన్నాను. "అయితే బైబిల్ చదువుతారు కదా?" అన్నాడు.

"రోజూ చదువుతామండీ. మీరు చదివేదే. మా ఇంట్లో అయిదు రొట్టెలు, రెండు చేపలతో ఏసు వేలమందికి పెట్టిన పేజీ కాస్త ఎక్కువ నలిగింది" అన్నాను. ఎర్రలైటు లేకపోతే నాకు మాటలు బాగానే వస్తాయి.

రాగి గంగాళం

శుక్రవారం ఉదయం స్వప్న ఇంట్లో అందరం నీరసంగా ఉన్నాం. ట్రేసీ పిక్నిక్ కోసం తెచ్చిన ఇంద్రధనుస్సు రంగుల గుడ్డలు మడతపెట్టి అట్టపెట్టెలో సర్దుతోంది. "వచ్చేవాళ్లందరికీ క్యాన్సిల్ అని చెప్పేశావా?" అని స్వప్న అడిగితే, "చెప్పాలి" అంది. తర్వాత ఫ్రిస్కోలో గుర్రాలుంటాయా అని నన్నడిగింది. ఇళ్లు, స్కూళ్లు, కార్లు ఉంటాయి, గుర్రాల సంగతి కనుక్కోవాలి అన్నాను. నవ్వబోయి మానేసింది.

నిజానికి సుగుణ వచ్చిన పని అయినట్టే. వెళ్లిపోండి అని ఆవిడ నోరు విప్పి చెప్పనక్కర్లేదు. అలాంటిది, టీ కప్పు కింద పెట్టి, "అయితే స్వప్నా, వాళ్లు ఇవ్వనన్నది ఏంటి? పార్కా, ఆ షెల్టరా?" అంది.

"షెల్టరే పిన్నీ. దానికే పర్మిషన్ కావాలి."

"మరి గడ్డి మీద కూర్చోడానికి?"

స్వప్న పార్కు ఆఫీసుకి ఫోన్ చేసింది. గడ్డి అందరిదీ, ఎవరైనా కూర్చోవచ్చు, తినొచ్చు. టెంటు వెయ్యకూడదు, పొయ్యి వెలిగించకూడదు, మైకు పెట్టకూడదు. మైకు లేదనగానే అందరూ నా మొహం చూశారు.

"బల్లలు లేకుండా అంతమంది ఎలా తింటారు?" అంది ట్రేసీ.

ఈ ప్రశ్న ఒక తెలుగు ఇల్లాలిని అడగకూడదు. మా పెళ్లికి బాపట్లలో చర్చి ఆవరణలో బంతులు బంతులుగా కింద కూర్చోబెట్టి ఊరందరికీ పెట్టారు. ఎదురెదురుగా రెండు వరసలు, మధ్యలో వడ్డించేవాళ్లు నడవడానికి దారి. అందరూ ఒకేసారి కూర్చుంటారు, ఒకేసారి లేస్తారు. సుగుణ చేతులు తిప్పుతూ ఇదంతా వివరించింది. ట్రేసీ అట్టపెట్టెలోంచి గుడ్డలు మళ్లీ బయటికి తీసింది.

అంత వంటకి గిన్నె ఏదీ? ఆ కొండల్లో ప్రతి ఇంటికీ ఒక పెద్ద రాగి గంగాళం ఉంటుంది. ఆపిల్ కాయల గుజ్జుని ఆరుబయట పొయ్యి మీద రోజంతా కలియబెట్టి జామ్ లాంటిది చేస్తారు, అందుకోసం. వాల్టర్ తన గంగాళం ట్రక్కులో తెచ్చాడు. దాన్ని చూసి సుగుణ పుట్టింటి మనిషి కనబడినట్టు మురిసిపోయింది. ఊళ్లో చింతపండు దొరకదు కాబట్టి నిమ్మకాయ పులిహోర. కరివేపాకు మేం తెచ్చుకున్నాం. పల్లీలకి వర్జీనియాలో కరువేముంది? శనివారం పొద్దున్నే స్వప్న పెరట్లో అన్నం వండి, ఉతికిన దుప్పటి మీద పరిచి ఆరబెట్టి కలిపాం. పక్కింటివాళ్ల కుక్క కంచె దగ్గర నుంచి కదల్లేదు.

ఖాళీ షెల్టర్ ఎదురుగా

షెల్టర్ ఖాళీగానే ఉంది. దానికి కాస్త ఎడంగా, చెట్ల నీడలో పాత బొంతలు పరిచాం. ట్రేసీ రంగుగుడ్డలు వరసల మధ్య దారికి అటూ ఇటూ వేసింది. ఊరేగింపులు, నినాదాలు ఉంటాయనుకుని వెళ్లేవాళ్లకి అక్కడ కనబడేవి ఒళ్లో డబ్బాలు పెట్టుకుని ట్రక్కులు దిగే జనం. చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, వాల్టర్ గారి మేకపాల జున్ను, గుడ్లతో ఏదో వంటకం. కొందరు గంట దూరం నుంచి వచ్చారు. మా ఊళ్లో ఇలాంటిది చేసే ధైర్యం ఇంకా రాలేదు అని ఒకావిడ చెప్పింది.

కూర్చోబెట్టడం మాత్రం యుద్ధమే అయింది. అమెరికా వాళ్లకి తిండి కనబడితే వెళ్లి లైనులో నిలబడటం అలవాటు. కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే లేచి గంగాళం వైపు వస్తుంటే, మైకు లేకపోయినా నా గొంతు పనికొచ్చింది. "లేవకండి! మీ దగ్గరికే వస్తుంది!" అని అరిచాను. మోకాళ్లు వంగనివాళ్లకి వెనక కుర్చీలు వేశాం.

ఇంకో చిక్కు. వాళ్లు చాలు అంటే నిజంగా చాలనే. మనకి మొదటి చాలు మర్యాద, రెండోది మొహమాటం, మూడోదాని గురించి ఆలోచిస్తాం. సుగుణ ఎవరి చాలూ వినకుండా రెండో గరిటె వేసుకుంటూ పోయింది. వాల్టర్ భర్త పళ్లెం మీద రెండు చేతులూ అడ్డం పెట్టాడు. చేతుల పక్కనుంచి వేసింది.

నాతో పాటు పచ్చడి వడ్డించిన పిల్ల పేరు మాడీ. టైర్ల దుకాణంలో పనిచేసే ట్రాన్స్ అమ్మాయి. నువ్వు కూడా కూర్చో అని సుగుణ బలవంతాన కూర్చోబెట్టి పెట్టింది. మాడీ కాసేపు పళ్లెం ముట్టుకోలేదు. "మా ఇంట్లో నా పళ్లెం పెట్టడం మానేసి చాలా రోజులైంది" అంది. సుగుణకి ఆ యాస సగమే అర్థమైనట్టుంది. తల నిమిరి, ఇంకో గరిటె వేసింది.

బంతి సగంలో ఉండగా దాణా కొట్టు ఆయన మనవరాలిని ఉయ్యాల ఎక్కించడానికి అటే వచ్చాడు. మమ్మల్ని చూసి ఆగాడు. ట్రేసీ లేచి నిలబడింది.

సుగుణకి ఆయన ఎవరో తెలుసు. వద్దని చెయ్యెత్తినప్పుడు చూసింది. కానీ బంతి నడుస్తుండగా మనిషి నిలబడి చూస్తుంటే పళ్లెం వెయ్యకుండా ఉండటం ఆవిడ ఒంట్లో లేదు. వరస చివర రెండు పళ్లేలు పెట్టి, "రండి, కూర్చోండి" అంది తెలుగులోనే. మనవరాలు వెంటనే కూర్చుంది. ఆయన అటూ ఇటూ చూసి, టోపీ తీసి, మెల్లగా బొంత మీదికి దిగాడు. ట్రేసీ వెళ్లి ఆయన పళ్లెంలో చిక్కుడు గింజలు వేసింది. "ఈ పసుపు అన్నం బాగుంది" అన్నాడు. మనసు మార్చుకున్నాడా అంటే నాకు తెలియదు. మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. బంతి లేచేదాకా మాత్రం లేవలేదు.

అందరూ వెళ్లాక స్వప్నా నేనూ కొళాయి దగ్గర గంగాళం తోముతున్నాం. ట్రేసీ బొంతలు దులుపుతూ, చెట్ల దాకా ఉన్న గడ్డి వైపు చాలాసేపు చూసింది.

"వచ్చే ఏడాదికి రెండు వరసలు చాలవు" అంది.

స్వప్న చేతిలో పీచు ఆగిపోయింది. "వచ్చే ఏడాదికా?"

"అవును. ఆ చెట్టు దాకా వెయ్యొచ్చు. షెల్టర్‌లో అయితే ఇంతమంది పట్టేవాళ్లే కాదు." కొంచెం ఆగి, "నువ్వు ఉంటానంటేనే" అంది.

స్వప్న తడి చేతులతోనే వెళ్లి ఆ అమ్మాయిని పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కళ్లల్లో పొగపడిందని చెప్పుకోడానికి అక్కడ పొయ్యి కూడా లేదు.

స్వప్నని ఫ్రిస్కో పంపించడానికి వచ్చిన మనిషి, గరిటెలు తుడుచుకుంటూ మా వైపు తిరిగింది. "అయితే ఈసారి బియ్యం ఇక్కడ కొనకండే, మెత్తబడిపోతున్నాయి" అంది. "సోనా మసూరి మేం తెస్తాం. ఎన్ని బస్తాలో ట్రేసీని ఆలోచించి చెప్పమను."